మాట పూర్తయ్యేదాకా

ఆమె దినాల రోజున గౌలిపురలో వాళ్ళ ఇంటి ముందు టెంటు వేశారు. భోజనాల దగ్గర నా ఎదురుగా కూర్చున్న ఆమె మేనమామ కొడుకు అన్నంలో పులుసు కలుపుకుంటూ అన్నాడు: "పాపం, గా నత్తి ఒక్కటి లేకుంటే యాడికో పోతుండె మా అక్క."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒకాయన "అవునే, దేవుడు అన్నీ ఇచ్చి గదొక్కటి తీస్కున్నడు" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు. ఏడుపు వచ్చి కాదు. కోపం వచ్చి.

ఆమె బతికి ఉన్నప్పుడు "పాపం" అన్న మాటను ఆమె ముందు ఎవరూ రెండోసారి అనలేదు. మొదటిసారి అన్నప్పుడే ఆమె వాళ్ళని అలా చూసేది. ఇప్పుడు చూసే కళ్ళు లేవు కాబట్టి అందరికీ ధైర్యం వచ్చింది. ఆమె నత్తి పోగొట్టుకుని పైకి వచ్చిన మనిషి కాదు. నత్తితోనే వచ్చింది. గుండె ఆగిపోయిన రోజు పొద్దున కూడా పక్కింటావిడతో నత్తితోనే పోట్లాడిందట, చెత్త బుట్ట విషయంలో, ఆ పోట్లాటలో గెలిచిందట కూడా. దీనిలో పాపం ఎక్కడుందో నాకు అర్థం కాదు.

ముందే రెండు సంగతులు చెప్పాలి. ఆమె పేరు నేను రాయను. ఆ పేరు ఎవరికైనా చెప్పాల్సి వస్తే, ఎంత సేపు పట్టినా ఆమే చెప్పుకునేది. పక్కనుంచి అందిస్తే ఊరుకునేది కాదు. ఇప్పుడు లేదు కదా అని ఆ పని నేను చేయలేను. అక్క అంటాను. మా గల్లీలో నాకంటే పెద్దది, గోడ పక్క గోడ ఇల్లు, నేను ఎప్పుడూ పిలిచింది కూడా అలాగే. రెండోది, ఆమె మాటలను ముక్కలు చేసి, మధ్యలో చుక్కలు పెట్టి రాయను. కాగితం మీద అలా రాస్తే వెక్కిరింపులా ఉంటుంది. చదివేవాళ్ళే ఆమె మాట్లాడిన ప్రతిచోటా కొంచెం ఆగాలి. మేమంతా ఆగలేదా?

అక్కను తలచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఆమె అరచెయ్యి. ఆమె ఒక మాట దగ్గర చిక్కుకున్నప్పుడు వినేవాళ్ళకు ఒక ఆత్రం పుడుతుంది. ఆ మాట ఏమిటో మనకు తెలిసిపోతుంది. నోటి చివర దాకా వచ్చేస్తుంది. మనం అనేస్తాం, సాయం చేశామనుకుంటాం. అప్పుడు లేచేది ఆ చెయ్యి, చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు బస్సును ఆపినట్టు, మన ముఖానికి ఎదురుగా. గడ్డి కోసి కోసి గరుకెక్కిన అరచెయ్యి. అది అలా గాల్లో నిలబడి ఉండగానే ఆమె తన మాటను తానే పూర్తి చేసి, తర్వాత చెయ్యి దించేది.

ఒకసారి ఇద్దరం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఆమెకు పాలెక్కువ చిక్కటి చాయ్ కావాలి, దాన్ని మా దగ్గర పౌనా అంటారు. 'ప' అక్షరం ఆమెకు గోడ. హోటల్ కుర్రవాడు కొంచెం సేపు చూసి, "సాదా చాయ్ నా అమ్మా?" అంటూనే వెళ్ళిపోయి రెండు సాదా చాయ్‌లు తెచ్చిపెట్టాడు. నేను తాగేద్దామన్నాను. ఆమె కప్పు ముట్టలేదు. అతన్ని మళ్ళీ పిలిచింది. పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూస్తున్నారు. మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించి, "పౌనా" అంది. అతను "దూధ్ జాదా, పాలెక్కువ అంటే అయిపోతుండె కదమ్మా" అన్నాడు మంచిగానే.

అతను వెళ్ళాక నేను కూడా అదే అన్నాను. "నిజమే కదక్కా. రాని మాట పక్కనపెట్టి వచ్చే మాట అనొచ్చు కదా?"

"నాకు కావాల్సిన మాట నేనెందుకు మార్చాలె? ఇయ్యాల చాయ్ కాడ మారుస్త. రేపు పేరు కాడ మారుస్త. ఎల్లుండి ఏమనుకున్ననో గది కూడా మారుస్త. ఆఖరికి నా నోట్లకెల్లి వేరేటోళ్ళు మాట్లాడుతరు."

పౌనా వచ్చింది. చల్లారేదాకా తాగకుండా దాన్ని చూస్తూ కూర్చుంది, గెలిచిన వస్తువును చూసినట్టు.

పాలవాళ్ళ ఇంట్లో పుట్టి 'పాలు' అనలేకపోవడం అనే కష్టం అది. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆమె నాలుకకు వసకొమ్ము అరగదీసి రాసేది. ఎవరో చెప్తే తాయెత్తు కట్టించింది. ఎవరో చెప్తే గులకరాళ్ళు బుగ్గన పెట్టించి మాట్లాడించింది. పెరట్లో బర్రెల కొట్టం దగ్గర అక్క బుగ్గలో రాళ్ళతో నిలబడి ఉండటం గోడ మీదనుంచి నేను చూశాను. ఒకరోజు ఆ రాళ్ళను తొట్టి పక్కన ఉమ్మేసి వాళ్ళమ్మతో అంది: "నా నాలుక మంచిగనే ఉన్నది. వినేటోళ్ళకే తొందర రోగం. మందు వాళ్ళకు పెట్టు." వాళ్ళమ్మ చీపురు ఎత్తింది. కానీ ఆ తర్వాత వస మాత్రం రాయలేదు.

ఇలా చెప్తుంటే అక్క పుట్టుకతోనే మొండి ఘటం అనిపిస్తుంది. కాదు. డిగ్రీ మానేసిన కొత్తలో ఆమె ఇంటినుంచి బయటికి వచ్చేది కాదు. ఎవరైనా గేటు తడితే కొట్టంలోకి పోయి బర్రెల వెనక నిలబడేది. ఆమె ఏదైతే అయిందో అది తనను తాను తయారుచేసుకుని అయింది, నా కళ్ళ ముందే. అది మొదలైంది వాళ్ళ బాపు నడుం విరగడంతో.

ఆయన మోపెడ్ మీద క్యాన్లు కట్టుకుని బార్కస్ దాకా పాలు పోసేవాడు. వానాకాలంలో జారిపడి మంచాన పడ్డాడు. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. అక్క మోపెడ్ తాళం తీసుకుంది. నిజానికి పాలు పోయడానికి నోరు అక్కర్లేదు. గంట కొట్టి, గిన్నెలో పోసి వచ్చేయవచ్చు. మొదట్లో ఆమె అలాగే చేసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, గంట కొట్టడం మానేసి గుమ్మం దగ్గర పిలవడం మొదలుపెట్టింది. పిలవడమే కాదు, ప్రతి ఇంట్లో అవసరం లేని ఒక ప్రశ్న అడిగేది. పాప జ్వరం తగ్గిందా, మీ మేక ఈనిందా, ఇంటికి రంగులు ఎప్పుడు వేస్తున్నారు. కొన్ని ఇళ్ళలో నవ్వేవాళ్ళు. పిల్లలు ఆమెలాగే అనుకరిస్తూ మోపెడ్ వెంట పరిగెత్తేవాళ్ళు. ఇంటికి వచ్చి క్యాన్లు కడుగుతూ నాతో చెప్పేది: "ఇయ్యాల నలుగురు నవ్విండ్రు. మొన్నటికన్న తక్కువనే."

బార్కస్‌లో ఒక ముసలావిడ ఉండేది. అందరూ దాదీమా అనేవాళ్ళు. అరబ్బు పూర్వీకుల ఇల్లు, పొద్దున్నే గుమ్మంలో కూర్చుని చిన్న కప్పులో ఘావా, అదే అరబ్బుల కాఫీ, తాగేది. అక్క మొదటిసారి ఆమె ముందు మాట తట్టుకుని నిలబడిపోయినప్పుడు, ఆవిడ గిన్నె కింద పెట్టి, వెనక్కి ఆనుకుని, సినిమా మొదలవబోతున్నట్టు హాయిగా కూర్చుందట. "ఆరామ్ సే బోల్ బేటీ. దూధ్ ఫట్ నై జాతా" అందట. నిదానంగా చెప్పు బిడ్డా, ఈలోపల పాలేం విరిగిపోవులే అని. ఆ మాటను అక్క జీవితాంతం వాడుకుంది. ఎవరైనా తొందరపెడితే "పాలు విరుగుతున్నయా?" అనేది, ఆ 'పా' కోసం మళ్ళీ ఎంతో సేపు తంటాలు పడుతూ.

ఓపిక కూడా ఆమెకు మొదట్లో లేదు. కోపిష్టి. తమ్ముడు ఎగతాళి చేశాడని స్టీలు గ్లాసు విసిరితే వాడి కనుబొమ మీద పడిన మచ్చ ఇప్పటికీ ఉంది. అలాంటి మనిషి తర్వాత తర్వాత ఎవరు ఏం మాట్లాడినా మధ్యలో ఒక్క మాట అడ్డు రాకుండా వినడం నేర్చుకుంది. మా గల్లీ చివర కిరాణా దుకాణం ముసలాయన తన మోకాళ్ళ నొప్పి కథ మొదలుపెడితే అందరూ పారిపోయేవాళ్ళు. అక్క మాత్రం చివరిదాకా నిలబడేది. ఫోన్‌లో లోన్ కావాలా మేడమ్ అని అడిగే పిల్లల మాటలు కూడా పూర్తిగా విని, ఆ తర్వాత వద్దని చెప్పేది. నాకు విసుగు పుట్టి అడిగాను, ఎందుకక్కా ఇదంతా అని.

"నేను మందిని ఆగుమంటున్న గదనే. నేను ఆగకుంటే ఏం మొఖం పెట్టుకుని అడుగుత?"

బర్రెలకు దాణా పెట్టినట్టే ఆమె ఆ ఓపికకు రోజూ ఇంత మేత వేసి పెంచింది. అంతే తప్ప అది వరంగా వచ్చింది కాదు.

ఆ రోజుల్లోనే బార్కస్ ఆడవాళ్ళు ఆమె మోపెడ్ చుట్టూ చేరడం మొదలైంది. ఇది ఎట్లా నడుపుతావు, పడిపోతావని భయం వెయ్యదా, మాకూ నేర్పిస్తావా అని. నసీమ్ అని ఒక ఆమె, భర్త గల్ఫ్‌లో ఉంటాడు, పిల్లలను స్కూలుకు దింపడానికి ఆటోవాడి దయ మీద బతుకుతోంది. ఆమె రోజూ అడిగేది. అటు గౌలిపురలో బర్రెలు తగ్గిపోతున్నాయి. గడ్డి దొరకడం కష్టం, పాకెట్ పాలు వచ్చేశాయి, కొట్టాలున్న చోట గదులు కట్టి కిరాయికి ఇస్తున్నారు. వాళ్ళ బాపు కూడా బర్రెలను ఊళ్ళో ఉన్న తన తమ్ముడికి తోలేశాడు. ఖాళీ కొట్టంలో నిలబడి అక్క నాతో అంది, "నేను డ్రైవింగ్ నేర్పిస్త. ఆడోళ్ళకు. బండి, కారు, రెండు. నా పేరు మీద."

నాకు నవ్వు రాలేదు. భయం వేసింది.

ముందు తను కారు నేర్చుకోవాలి కదా అని సంతోష్‌నగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరింది. త్వరగానే నేర్చుకుంది, లైసెన్సు వచ్చింది. అప్పుడు ఆ స్కూలు సేటును పని అడగడానికి వెళ్ళింది. నన్ను తోడు తీసుకెళ్ళింది. మాట్లాడటానికి కాదు, పక్కన నిలబడటానికి. ఆ సంగతి దారిలోనే కచ్చితంగా చెప్పింది.

సేటు చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆమె విషయం చెప్పడం మొదలుపెట్టగానే సగంలోనే అందుకున్నాడు.

"సమజైంది బిడ్డా. లేడీస్ కు నేర్పిస్తనంటవ్. గానీ నువ్వే ఆలోచన చెయ్యి. నేర్చుకునేటోళ్ళు గోడ మీదికి పోతుంటే 'బ్రేక్' అనాలె కద? నువ్వు బ్రేక్ అనే లోపల బండి మూసీల ఉంటది."

గదిలో ఉన్న డ్రైవర్లందరూ పగలబడి నవ్వారు. ఒకడు చేత్తో బండి మూసీలోకి దూకడం కూడా చేసి చూపించాడు. అక్క అరచెయ్యి లేచింది. నవ్వు ఆగేదాకా అది గాల్లోనే ఉంది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆమె చెయ్యి కూడా దిగలేదు. చివరికి నవ్వేవాళ్ళకే ఏదోలా అయి ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. అప్పుడు ఆమె తన మాట తాను చెప్పింది.

"సేటూ, బ్రేక్ అని నేను అరవాల్సి వస్తే, వాళ్ళకు నేర్పిందేంది? బ్రేక్ అని వాళ్ళకే అనిపియ్యాలె. మీ తాన అందరు అరుస్తరు. అందుకే మీ తాన నేర్చుకున్నోళ్ళు ఎవ్వలన్న అరిస్తెనే ఆగుతరు."

ఆ మాట పూర్తయ్యేసరికి చాయ్ చల్లారిపోయింది. సేటు "సరే బిడ్డా, అల్లా మేలు చెయ్యనీ" అని లేచాడు. పని మాత్రం ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక ఆమె కొన్ని రోజులు గేటు దాటలేదు. బాగానే సమాధానం చెప్పావు కదక్కా అంటే, "సమాధానం చెప్పిన. పని దొరకలే. గా రెండూ ఒకటి కాదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు కూడా, ఆ మర్నాడు కూడా.

అప్పుడు నేను సంతోష్‌నగర్‌లో ఒక కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేదాన్ని. షాపుకు ఎవరో పంచిన కరపత్రం వచ్చింది. ఫంక్షన్ హాల్లో వ్యక్తిత్వ వికాస శిక్షణ, మొదటి క్లాసు ఉచితం. మీలోని విజేతను మేల్కొలపండి అని రాసి ఉంది. ఆమెను లేపడానికి నాకు ఇంకో దారి తెలియక అక్కడికి లాక్కెళ్ళాను.

హాలు నిండా జనం. చెవికి మైకు తగిలించుకున్న కోటు సారు స్టేజీ మీద అటూ ఇటూ పరిగెడుతూ మాట్లాడుతున్నాడు. ఆత్మవిశ్వాసం అంటే గలగలా మాట్లాడటం, తడబడితే ఓడిపోయినట్టే, విజేతలకు ఆగడం తెలియదు. ప్రతి వాక్యానికీ చప్పట్లు. అందరిచేతా "నేను సాధిస్తాను" అని అరిపించాడు. ఆ తర్వాత, ఎవరైనా ఒక్కరు పైకి వచ్చి మీ లక్ష్యం ఏమిటో గట్టిగా చెప్పండి అన్నాడు. నేను పక్కకు చూసేసరికి అక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఆమె మైకు పట్టుకుంది. తన పేరు మొదలుపెట్టింది. వెనక వరసల్లో గుసగుస మొదలైంది, తర్వాత కిసుక్కుమన్న నవ్వు. సారు ఆమెకు సాయం చేద్దామనుకున్నాడు కాబోలు. "చూశారా ఎంత ధైర్యమో! ఈ అమ్మకు గట్టిగా చప్పట్లు కొట్టండి" అని మైకు కోసం చెయ్యి చాపాడు. హాలు హాలంతా చప్పట్లు. ఆమె మైకు ఇవ్వలేదు. అరచెయ్యి ఎత్తింది, ఈసారి నవ్వుకు కాదు, చప్పట్లకు.

"నా మాట కాలే" అంది.

తన పేరు చెప్పింది. ఊరు గౌలిపుర అంది. ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పడం నా లక్ష్యం అంది. ఆ తర్వాత సారు వైపు తిరిగింది.

"విజేతలకు ఆగుడు తెల్వదన్నరు. ఆగుడు తెల్వనోళ్ళకు లైసెన్స్ ఇయ్యరు సార్."

అందరూ నవ్వారు. అంతకుముందు వచ్చిన నవ్వులాంటిది కాదు అది. సారు కూడా నవ్వాడు, ఆయన మంచితనం అది. ఆమె మైకును ఆయన చేతిలో పెట్టి, మెట్లు దిగి, నేరుగా బయటికి నడిచింది.

బయటికి వెళ్ళి చూస్తే ఫంక్షన్ హాలు గోడ పక్కన వంగి వాంతి చేసుకుంటోంది. వీపు రాశాను. నీళ్ళు తాగించాను. "ఇంత భయపడేదానివి ఎందుకు ఎక్కావు అక్కా? భయం పోయాక ఎక్కొచ్చు కదా" అన్నాను.

కొంగుతో మూతి తుడుచుకుంది. "భయం పోదే. భయంతోటే పోవాలె. పాలు పోసుట్ల మొదటి దినంకెల్లి గింతనే. రోజూ పొద్దుగాల కొట్టం ఎనక కక్కుకునే బండెక్కుతుంటి. నీకు తెల్వదు."

అంతవరకూ నాకు నిజంగానే తెలియదు. గోడ పక్క గోడ ఇల్లు.

ఆ మర్నాటి పొద్దున్నే ఆమె పాత స్కూటీ ఒకటి తీసుకుని బార్కస్ మైదానానికి వెళ్ళి నసీమ్‌ను పిలిచింది. ఎవరినీ అడగలేదు, ఎవరూ అనుమతి ఇవ్వలేదు. నేర్పించడానికి కావాల్సిన లైసెన్సు, స్కూలు కాగితాలు ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా తెచ్చుకుంది, ఆఫీసుల్లో ప్రతి కిటికీ దగ్గరా తన పేరు తనే చెప్పుకుని.

ఆమె నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. మొదట ఇంజను వేయనిచ్చేది కాదు. బండిని చేత్తో నెట్టించేది, బరువు తెలియాలని. కళ్ళు మూయించి బ్రేకు వెతికించేది. బండెక్కాక నేర్చుకునేవాళ్ళే బయటికి మాట్లాడుతూ నడపాలి. ముందు ఏం కనిపిస్తోంది, ఇప్పుడు ఏం చేయబోతున్నాను, అన్నీ చెప్పాలి. వెనక కూర్చున్న అక్క నోరు విప్పేది కాదు. ఏదైనా తేడా వస్తే నడిపేవాళ్ళ వీపు మీద అరచెయ్యి ఆనించేది. అంటే నెమ్మది. గట్టిగా నొక్కితే ఆగు. మాటకంటే ముందు చెయ్యి చేరుతుంది. జీవితమంతా మందిని ఆపిన చెయ్యి కదా, దానికి బాగా అలవాటు.

మైదానం అంచున మగవాళ్ళు గుమిగూడి చూసేవాళ్ళు. కొందరు పెద్దలు వచ్చి, ఆడోళ్ళకు బండ్లెందుకమ్మా, లొల్లి అవుతది అన్నారు. దాదీమా కొడుకు వాళ్ళకు సర్దిచెప్పబోయాడు. అక్క అతన్ని ఆపి వాళ్ళు చెప్పింది మొత్తం విన్నది. చివరిదాకా, తలూపుతూ విన్నది. వాళ్ళు అలసిపోయాక తను మొదలుపెట్టింది. తను విన్నది కాబట్టి వాళ్ళూ వినక తప్పలేదు. ఆమె ముగించేసరికి ఎండెక్కింది, వాళ్ళ దుకాణాలు తెరిచే వేళ అయింది. మళ్ళీ రాలేదు.

నసీమ్ మొదటిసారి రోడ్డెక్కిన రోజు నేను కూడా చూశాను. బురఖా అంచు మడిచి నడుముకు దోపుకుంది. "సామ్నే దుకాన్... లెఫ్ట్ మే బక్రీ..." అంటూ, ఎదురుగా దుకాణం, ఎడమన మేక అని చెప్పుకుంటూ పోతోంది. సందు మలుపులో నీళ్ళ ట్యాంకరు ఒక్కసారిగా వెనక్కి వచ్చింది. చూసేవాళ్ళందరం అరిచాం. అక్క అరవలేదు. చెయ్యి కూడా ఆమె వీపును చేరనే లేదు. "ట్యాంకర్, బ్రేక్!" అని నసీమే అని, నసీమే ఆపేసింది. స్కూటీ ముందు చక్రానికీ ట్యాంకరుకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. నసీమ్ బండి దిగి ఏడుస్తూ నవ్వుతూ అక్కను కౌగిలించుకుంది. అక్క మాత్రం మొహం గంటు పెట్టుకుని, "ఇండికేటర్ ఎయ్యలే నువ్వు" అంది.

తర్వాత ఎంతమంది నేర్చుకున్నారో నాకు తెలియదు. టీచర్లు, నర్సులు, టైలర్లు, కొత్త కోడళ్ళు. కొన్నేళ్ళకు పాత కారు ఒకటి వచ్చింది, పక్క సీటు దగ్గర కూడా అక్క బ్రేకు బిగింపించింది. కారు పైన బోర్డు మీద ఆమె పేరు. పెయింటరు, పేరు పొడుగైంది, పొట్టి చేద్దామన్నాడట. ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. పూర్తి పేరే రాశాడు.

ఒకరోజు సంతోష్‌నగర్ సేటు వచ్చాడు. గడ్డం నెరిసింది. కోడలు డ్రైవింగ్ నేర్చుకుంటానంటోంది, నేర్చుకుంటే నీ దగ్గరే అంటోంది. చెప్పలేక చెప్పాడు. ఆయన మాట కూడా తడబడటం నేను అప్పుడు విన్నాను. అక్క మాట అందించలేదు, ఆయన్ను పూర్తి చేయనిచ్చింది.

"అప్పుడేదో మజాక్ చేసిన బిడ్డా. దిల్ మీద పెట్టుకోకు."

"మజాక్ మంచిగనే ఉండె సేటూ. ఇప్పటికీ గుర్తొస్తె నవ్వొస్తది. కోడల్ని పంపు, మూసీ దాంక పోనియ్య."

కోడలు బాగా నేర్చుకుంది. సేటు మాత్రం మైదానం అంచున నిలబడి "బ్రేక్! బ్రేక్!" అని అరుస్తుంటే అక్క వెళ్ళి ఆయన్ను ఇంటికి పంపించింది.

ఆమెతో కష్టాలూ ఉండేవి. అంతా మంచే రాస్తే ఆమెకే నచ్చదు. తన మాట ఎవరైనా మధ్యలో అందుకుంటే వాళ్ళను నెలల తరబడి క్షమించేది కాదు. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు పిల్లవాడి తండ్రి గడియారం చూసుకున్నాడని ఆ సంబంధం వద్దంది. పిల్లవాడు మంచివాడని వాళ్ళమ్మ ఎంత ఏడ్చినా వినలేదు. మళ్ళీ సంబంధాలు వస్తే చూడనూ లేదు. దానికి ఆమె బాధపడిందో లేదో నాకు తెలియదు. అడిగితే చెప్పే మనిషే, నేనే అడగలేదు.

నేను కారు నేర్చుకోవడం చాలా ఆలస్యమైంది, పోయిన వానాకాలం. నాకు వయసైపోయింది, నా వల్ల కాదు అంటుంటే ఊరుకోక లాక్కెళ్ళింది. అప్పటికి ఆమెకు ఆయాసం మొదలైంది, మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కేది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడట. ఆమె ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఒక సాయంత్రం సంతోష్‌నగర్ సిగ్నల్ దగ్గర అందరికంటే ముందు నా కారే ఉంది. పచ్చ లైటు పడింది. క్లచ్ గబుక్కున వదిలేశాను, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పాను, మళ్ళీ కుదుపు. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. బస్సు, ఆటోలు, బైకులు, అన్నీ ఒకేసారి. ఎవడో పక్కనుంచి తల దూర్చి, "ఇంట్ల కూసోరాదమ్మా!" అని అరిచి పోయాడు. నా చేతులు స్టీరింగ్ మీద జారిపోతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా వల్ల కాదక్కా, నువ్వు ఇటు రా, నువ్వే నడుపు" అన్నాను.

ఆమె నావైపు చూసింది. సీటు బెల్టు విప్పింది. నా వైపు వస్తుందనుకున్నాను. రాలేదు. తలుపు తీసి దిగి, కారు వెనక్కి నడిచి, ఆ బస్సుకూ ఆటోలకూ ఎదురుగా నిలబడింది. సన్నగా వాన పడుతోంది. నడుం మీద రెండు చేతులు పెట్టుకుంది. అద్దంలో ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది.

మాట్లాడటం మొదలుపెట్టింది. అద్దం దించి ఉంది కాబట్టి నాకు వినపడుతోంది. "ఆమె నేర్చుకుంటున్నది" అంది. ఆ మాట రావడానికి చాలా సేపు పట్టింది. ఆ సేపంతా హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. బస్సు డ్రైవరు ముందు ఆపాడు. అతని వెనక ఆటోవాళ్ళు. "మీరు కూడ ఎప్పుడో ఒకరోజు నేర్చుకునే వచ్చిండ్రు" అంది. బైకు మీదివాళ్ళు కూడా ఆగారు. మూడో వాక్యం 'పా' దగ్గర మొదలై అక్కడే నిలబడిపోయింది. వైపర్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. హెల్మెట్లలోంచి, బస్సు కిటికీల్లోంచి మనుషులు ఆమె ముఖంలోకి చూస్తూ ఆ మాట కోసం ఎదురు చూస్తున్నారు.

నేను కళ్ళు తుడుచుకున్నాను. క్లచ్ నొక్కాను, గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టాను, చేస్తున్నది చేస్తున్నట్టు బయటికే చెప్పుకున్నాను. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. ఎదురుగా లైటు ఎర్రబడి మళ్ళీ పచ్చబడింది, దారి ఖాళీగా ఉంది.

ఆమె మాట పూర్తి కాలేదు. నేను బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాను.